ఎనిమిదిన్నరకు నన్ను చూసిన మనిషి

ఎనిమిది ఇరవై ఐదుకల్లా పెట్టె దగ్గర ఉండాలి.
తలుపు తీసే ముందు ఊపిరి బిగబట్టాలి.
కన్ను గీతకు సమంగా పెట్టాలి. పైనుంచి చూడకూడదు, కిందనుంచీ చూడకూడదు.
ముందు పాయింటు తర్వాతి అంకె చదవాలి. ఆ తర్వాత డిగ్రీలు.
అక్కడికక్కడే పెన్సిలుతో రాయాలి.
పుల్లను మళ్ళీ దాని చోటికి దించాలి.
లోపల తొండ లేదని చూసుకుని తలుపు వేయాలి.
చూసింది రాయాలి. చూడకపోతే, చూడలేదని రాయాలి.

ఇవి నేనున్న పెట్టె తలుపుకు లోపలివైపు అంటించిన కాగితంలోని మాటలు. ముప్పై మూడేళ్ళు ఒకే మనిషి ఈ పనులన్నీ ఇదే వరసలో చేశాడు. ఆయన గురించి చెప్పాలనే నోరు విప్పుతున్నాను. కానీ ముందు నేనెవరో చెప్పకపోతే మర్యాద కాదు.

నేను ఒక ఉష్ణమాపకాన్ని. జ్వరం చూసే రకం కాదు. వాళ్ళు మాకు దూరపు చుట్టాలు. వాళ్ళకు మనుషుల చంకలూ నాలుకలూ దొరుకుతాయి. నాకు దొరికేది గాలి. గాలి రోజులో ఎంత చల్లబడగలదో, ఆ అడుగుమట్టాన్ని పట్టుకోవడం నా ఉద్యోగం. అందుకని నన్ను పడుకోబెట్టి ఉంచుతారు. నా గొట్టంలో పాదరసం ఉండదు, సారాయికి దగ్గర చుట్టమైన ఒక ద్రవం ఉంటుంది. అందులో గుండుసూది పొడవున ఒక నల్లటి పుల్ల. చల్లబడేకొద్దీ ద్రవం ముడుచుకుంటూ ఆ పుల్లను వెంట లాక్కుపోతుంది. మళ్ళీ వేడెక్కితే ద్రవం మాత్రమే ముందుకు పోతుంది, పుల్ల అక్కడే ఆగిపోతుంది. తెల్లారి ఎవరైనా వచ్చి చూసేదాకా కదలదు. పడుకుని జీతం తీసుకునేవాణ్ణని నన్ను ఎవరైనా అంటే కాదనలేను.

మా వంశంలో అంకెలు వచ్చిన మొదటివాణ్ణి నేనే. మా నాన్న ఇసుక, తాత రాయి. కొలిమిలో కరిగించి, ఊది, ఒళ్ళంతా గీతలు గీసి నాకు చదువు చెప్పారు. మైనస్ నలభై నుంచి యాభై దాకా మొత్తం తొంభై డిగ్రీలు. చేతికి ఒక ధ్రువపత్రం ఇచ్చి, గడ్డిలో చుట్టి, చెక్కపెట్టెలో పెట్టి పంపించారు. అలా 1986లో రాయలసీమలోని గుమ్మళ్ళగుంట వేరుశనగ పరిశోధన కేంద్రానికి చేరాను.

అక్కడ నన్ను విప్పిన మనిషి చెన్నకేశవులు. ఆయన కూడా ఇంట్లో మొదటి పట్టభద్రుడే. వాళ్ళ నాయన గొర్రెలు కాసేవాడు. మబ్బును చూసి వాన ఎప్పుడు వచ్చేదీ చెప్పేవాడట. కొడుకు బీయెస్సీ చదివి, పరిశీలకుడిగా ఉద్యోగంలో చేరి, మబ్బును చూసి దాని రకం, ఎత్తు రాసేవాడు తప్ప వాన సంగతి చెప్పేవాడు కాదు. ఒకసారి ఆ పెద్దాయన కంచె బయట నిలబడి అడగడం నేను విన్నాను.

"ఏమిరా కేశవా, ఇంత సదివినాక వాన చెప్పేది మర్సిపోయినావా?"

"అది వేరేవాళ్ళ పని నాయనా. నేను వచ్చినాక కొలుస్తా."

"వచ్చినాక నేను తడుస్తా. దానికి ఉద్యోగమెందుకు?" అని ఆయన గొర్రెలను తోలుకుని వెళ్ళిపోయాడు.

మా ఇల్లు నాలుగు కాళ్ళ మీద నిలబడ్డ తెల్ల చెక్కపెట్టె. నాలుగు వైపులా ఏటవాలు పలకలు. గాలి వస్తుంది, ఎండ రాదు. చుట్టూ గడ్డి, గడ్డి చుట్టూ కంచె. మొదటి చలికాలాల్లో చెన్నకేశవులు నా దగ్గరికి వచ్చేసరికి పాదాలు తడిసి, గడ్డిపోచలు అంటుకుని ఉండేవి. ఆయన ఊపిరి బిగబట్టి నన్ను చూసేవాడు. నోటి ఆవిరి తగిలితే నేను ఒక్క పిసరు కదులుతానని ఆయన భయం. ముందు పాయింటు తర్వాతి అంకె ఎందుకు చదువుతాడో తెలుసా? మనిషి దగ్గర నిలబడితే ఆ ఒంటి వేడికే చిన్న అంకె మారిపోతుంది. పెద్ద అంకె అంత తొందరపడదు. మనుషులు తమ పక్కనున్నవాటిని ఎంత వేడెక్కిస్తారో అంత బాగా తెలిసిన ఉద్యోగం ఇదొక్కటేననుకుంటాను.

1991లో ఆయన తమ్ముడి పెళ్ళికి నాలుగు రోజులు సెలవు పెట్టాడు. నన్ను చూసే బాధ్యత అటెండరు ఎర్రిస్వామికి ఇచ్చి, వరసంతా రెండుసార్లు చేసి చూపించి వెళ్ళాడు. ఎర్రిస్వామి మంచివాడు. ఆ నాలుగు రోజులు నా ముఖం చూడలేదు గానీ రిజిస్టరు మాత్రం శ్రద్ధగా నింపాడు. తిరిగొచ్చిన రోజు చెన్నకేశవులు తలుపు దగ్గర ఆగిపోయాడు.

"ఎర్రిస్వామీ, నాలుగు దినాలూ సూసినావా?"

"సూసినా సార్."

"మరి గొళ్ళానికి సాలీడు గూడు కట్టిండాదే?"

"గూడు తెగకుండా సూసినా సార్. పాపం, పురుగు గదా."

"నాలుగు దినాలూ ఇరవై ఒకటి పాయింటు నాలుగేనా?"

"రోజూ అంతే గదా సార్ ఉండేది! ఒగ అంకెకు లోకం మునిగిపోతాదా?"

చెన్నకేశవులు రిజిస్టరు తెరిచాడు. ఎర్ర సిరాతో ఆ నాలుగు అంకెలనూ కొట్టేసి, పక్కన నాలుగుసార్లు 'చూడలేదు' అని రాశాడు. నెల తిరక్కుండా పైనుంచి ఉత్తరం వచ్చింది. రిజిస్టరులో ఖాళీలు ఉండరాదు, ఇకమీదట జాగ్రత్త వహించవలెను అని. ఆయన దాన్ని చక్కగా మడిచి అదే పేజీలో పెట్టాడు. ఖాళీలు మాత్రం ఖాళీలుగానే ఉండిపోయాయి.

ఆ తర్వాత పదిహేనేళ్ళు పెద్దగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. నిజం చెప్పాలంటే మా పనిలో అలా ఉండడమే గొప్ప. ఒకటి మాత్రం గమనించాను. నా పుల్ల మునుపటంత కిందికి దిగడం లేదు. ఒక ఏడాది దిగేది, ఒక ఏడాది దిగేది కాదు. మొత్తం మీద మాత్రం పైపైనే ఆగుతోంది. వయసు వల్ల నాకే అలసట వచ్చిందేమో అనుకున్నాను.

2006లో కేంద్రానికి ప్రహ్లాదరావు గారు అధికారిగా వచ్చారు. ఆయనకు శుభ్రమంటే ప్రాణం. పెద్ద అధికారులెవరో చూడ్డానికి వస్తున్నారని కబురు అందగానే ఆయన చూపు మా గడ్డి మీద పడింది.

"ఏమిటయ్యా ఈ గడ్డి? పాములుంటాయి. అంతా సిమెంటు పోయించేద్దాం. పెట్టెకు ఆకుపచ్చ రంగు వేయిద్దాం, అందంగా ఉంటుంది."

చెన్నకేశవులు చేతులు కట్టుకుని చెప్పాడు. "సార్, గడ్డి మీదనే ఉండాల సార్. సిమెంటయితే పగలు ఎండను తాగి, పొద్దుగూకినాక కక్కుతాది."

"తాగి కక్కేది మనుషులయ్యా, సిమెంటు కాదు," అని ప్రహ్లాదరావు గారు తన మాటకు తానే నవ్వుకున్నారు. పనికి రెండు నెలల్లో ముహూర్తం పెట్టారు.

అదే నెలలో అంకెలను తనంతట తానే రాసుకుని పంపించే కొత్త యంత్రం వచ్చింది. దాన్ని మా గడ్డి మధ్యలోనే నిలబెట్టారు. నాకు అప్పటికి ఒంట్లో బాగాలేదు. గొట్టంలో ద్రవం తెగి రెండు ముక్కలైంది. 'పనికిరాదు' అని చీటీ కట్టి నన్ను పాత సామాన్ల గదిలో పడేశారు. ఒక విరిగిన కుర్చీ, మూతలేని టైపు మిషను, నేను. మేము ముగ్గురం ఒకరినొకరం ఓదార్చుకునే స్థితిలో లేము.

మూడో రోజు చెన్నకేశవులు వచ్చాడు. నన్ను చేతిలో గట్టిగా పట్టుకుని గిర్రున, గిర్రున తిప్పాడు. తెగిన ద్రవం కలిసింది. పనికిరాని ఈ పరికరాన్ని చేను గట్టున వాడుకోవడానికి అనుమతి కావాలని అధికారికి అర్జీ పెట్టాడు. జవాబు రాలేదు. జీవితంలో ఒక్కసారి మాత్రం ఆయన, జవాబు రాకపోవడమంటే ఒప్పుకున్నట్టే అనుకున్నాడు. పాత బల్లను కోయించి పెట్టె చేయించి, తెల్ల రంగు వేయించి, రెండు వందల అడుగుల అవతల వేరుశనగ చేను గట్టు మీద, గడ్డిలో నన్ను పడుకోబెట్టాడు.

పడుకోబెట్టే ముందు పరీక్ష ఒకటి పెట్టాడు. కరుగుతున్న మంచుగడ్డలో ముంచితే నేను సున్నా చూపాలి. మంచుగడ్డ ఎక్కడిది? ఐసు బండి మస్తాన్ దగ్గర తెచ్చాడు. భార్య నాగరత్నమ్మ చారు కాచే గిన్నెలో ఆ ముక్కలు పోసి నన్ను ముంచితే, నేను మైనస్ ఐదు అన్నాను. ఆయన ముఖం వాడిపోయింది. రెండు రోజులు నన్ను ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాడు. మూడో రోజు మస్తాన్‌ను అడిగితే తేలింది.

"ఉప్పు కలిపినా గదా సార్! ఉప్పు లేకుంటే పుల్లైసులు అంగట్లోనే నీళ్ళయి పోతాయి."

ఉప్పు తగిలితే మంచుగడ్డ సున్నాకు ఇంకా కిందికి పోతుంది. తప్పు నాది కాదు. ఈసారి ఉప్పు లేని మంచుగడ్డతో, వేరే గిన్నెలో చేశాడు. చారు గిన్నె నాగరత్నమ్మ ఇవ్వలేదు. "అది తినేదానికి పెట్టుకున్న గిన్నె, నీ గాజుపుల్లలకు కాదు," అంది. నేను సున్నాకు పాయింటు నాలుగు తక్కువ చూపిస్తున్నాను. చెన్నకేశవులు నన్ను తిట్టలేదు, పారేయలేదు. 'దీని మాటకు పాయింటు నాలుగు కలపాలి' అని నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాడు. ఏటా ఒకసారి మళ్ళీ ముంచి చూసేవాడు. తన తప్పు ఎంతో ఎదుటివాడికి కచ్చితంగా తెలిసి ఉండడం చాలా హాయి. మీకు ఎప్పుడైనా ఆ హాయి దొరికిందో లేదో నాకు తెలియదు.

సిమెంటు పోసేదాకా ఉన్న అరవై రోజులూ, ఆ సవరణ కలిపితే, కొత్త యంత్రానిదీ నాదీ ఒకటే మాట. ఇద్దరం గడ్డి మీదే ఉన్నాం మరి. సిమెంటు పోశారు. రంగు వేశారు. పెద్దలు వచ్చి ఫొటో దిగి వెళ్ళారు. ఆ వారంలోనే యంత్రం నాకన్నా దాదాపు ఒక డిగ్రీ ఎక్కువ చెప్పడం మొదలుపెట్టింది. నా మాట మారలేదు.

అప్పటి నుంచి చెన్నకేశవులు ఎనిమిదిన్నరకు యంత్రాన్ని చూసి, వెంటనే నా దగ్గరికి వచ్చేవాడు. నన్ను చూడమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఎండలో, వానలో, ఆదివారాల్లో, పండుగల్లో వచ్చాడు. చేనులో కలుపు తీసే లింగమ్మ ఆయన్ని ఏడిపించేది.

"ఏం సామీ, ఇంటామెనన్నా ఇంత టయానికి పలకరిస్తావా?"

"ఆమెకు పాయింటు తర్వాత అంకె లేదు లింగమ్మా. ఎప్పుడూ నూరే."

లింగమ్మ నవ్వి, ఒకరోజు మాత్రం నవ్వకుండా ఒక మాట అంది. "ముందర ఈ టయానికి చేన్లోకి వస్తే చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసేటివి. ఇప్పుడు సూడు, కాళ్ళకు తేమే లేదు. మంచు యాడికి పోయిందో నీ పుల్లను అడుగు." ఆయన తన పాదాల వైపు చూసుకున్నాడు. పొడిగా, దుమ్ముతో ఉన్నాయి. ఆ రోజు అంకె పక్కన 'మంచు లేదు' అని రాశాడు. అప్పుడు నాకు అర్థమైంది, అలసట నాది కాదని.

పదమూడేళ్ళు అలా గడిచాయి. ఇక చెన్నకేశవులు పదవీ విరమణకు రెండు వారాలే ఉన్నాయి. ఎక్కడెక్కడో పనిచేసి ప్రహ్లాదరావు గారు మళ్ళీ మా కేంద్రానికే పెద్ద అధికారిగా వచ్చి ఉన్నారు. అప్పుడు కర్నూలు వైపు నుంచి షమీనా అనే యువ శాస్త్రవేత్త వచ్చింది. వేడి నిజంగా పెరుగుతోందా, పెరిగితే ఎంత అని తేల్చడానికి పాత రిజిస్టర్లున్న కేంద్రాలన్నీ తిరుగుతోంది. నమ్మదగినవి ఉంచుతుంది, నమ్మలేనివి కొట్టేస్తుంది. గుమ్మళ్ళగుంట పేరు పక్కన అప్పటికే ఎర్ర గుర్తు పెట్టుకుని వచ్చింది.

"2006లో మీ అంకెలు ఒక్కసారిగా ఎగిరినాయి. వాతావరణం అట్ల గెంతదు పెద్దాయనా. ఇక్కడేదో మారింది. ఇట్లయితే ముప్పై మూడేళ్ళదీ కొట్టేయాల్సిందే."

ముప్పై మూడేళ్ళ ఎనిమిదిన్నరలు. చెన్నకేశవులు లేచి, "ఒక రెండు వందల అడుగులు నడుస్తావామ్మా?" అన్నాడు.

అలా ముగ్గురూ నా దగ్గరికి వచ్చారు. ఆయన చంకలో పదమూడు నోటుపుస్తకాలు. ప్రహ్లాదరావు గారి ముఖంలో, తను సంతకం చేయని అర్జీ ఒకటి గుర్తుకొస్తున్నట్టు ఒక ఇబ్బంది. షమీనా పుస్తకాలు తిరగేసింది. చాలాసేపు తిరగేసి అడిగింది.

"తప్పుగా అనుకోవద్దు. ఇదంతా ఒక్క నెలలో ఇంట్లో కూర్చుని కూడా రాయొచ్చు గదా? ఇట్ల అడిగేదే నా పని."

ఆయనకు కోపం వస్తుందని చూశాను. రాలేదు. ఆఫీసుకు వెళ్ళి 1991 రిజిస్టరు తెచ్చి ఆ పేజీ తీసి ఆమె చేతికిచ్చాడు. ఎర్ర సిరా, నాలుగు 'చూడలేదు'లు, మడిచిన ఉత్తరం. ఆమె అది చదివి, మళ్ళీ నోటుపుస్తకాలు పట్టుకుంది. ఈసారి అంకెలు కాదు, ఖాళీలు వెతికింది. 'జ్వరం, రాలేదు.' 'వాగు పారింది, దాటలేదు.' 'లింగమ్మ కోడలికి కాన్పు, జీపు నడిపినాను.' 'తొండ పుల్లను కదిపింది, ఈరోజుది నమ్మవద్దు.' తొండ దగ్గర ఆమె పైకే నవ్వేసింది.

"అబద్ధం రాసేవాళ్ళు ఖాళీలు వదలరు సార్," అంది ప్రహ్లాదరావు గారితో. "వాళ్ళకు ఖాళీ అంటే భయం. ఈయన ఖాళీలు చూసినాక మిగతా అంకెలు నమ్మకపోతే నాది తప్పు."

అక్కడే గట్టు మీద కూర్చుని కూడికలు తీసివేతలు చేసింది. మొదట నా అంకెలూ, తర్వాత యంత్రం అంకెలూ ఉన్న రిజిస్టరు ప్రకారం మా ఊరి కనిష్ఠం ముప్పై మూడేళ్ళలో డిగ్రీన్నర దాటి పెరిగింది. నా మాటతో సరిచూస్తే అందులో పాయింటు తొమ్మిది సిమెంటుది. మిగిలింది పాయింటు ఏడు.

ప్రహ్లాదరావు గారు నొచ్చుకున్నారు. "డిగ్రీన్నర అని పైకి గొప్పగా రాసుకున్నామే! ఇప్పుడు సగం చేసేస్తే ఎలాగయ్యా?"

"సగం మన సిమెంటుది సార్," అన్నాడు చెన్నకేశవులు. "మిగిలిండేది లోకానిది."

ప్రహ్లాదరావు గారు వెనక్కి తిరిగి సిమెంటు వైపు చూశారు. తర్వాత, "నా సిమెంటు ఒక్కటే పాయింటు తొమ్మిది చేసిందా!" అన్నారు. బాధపడ్డారో, ఒక మూల కొంచెం గర్వపడ్డారో ఇప్పటికీ చెప్పలేను.

లింగమ్మ కొడవలి పక్కన పెట్టి వచ్చి షమీనాను అడిగింది. "ఏడు పాయింట్లంటే ఎంత తల్లీ? దానికింత రాద్ధాంతమా? ఎండ ఎక్కువైందేమోలే."

"ఎండ వల్లయితే పగలు ముందు కాగాల గదా అక్కా. ఇక్కడ రాత్రిళ్ళే ఎక్కువ కాగుతాండాయి. దుప్పటి కప్పుకుంటే ఎట్ల? వేడి లోపలే నిలబడతాది. ఆకాశంలో బాగా ఎత్తున చూస్తే చల్లబడుతోంది, కింద మాత్రం వెచ్చబడుతోంది. బొగ్గూ పెట్రోలూ కాల్చి మనమే నేసిన దుప్పటి అది."

"మనమే అని ఎట్ల తెలుస్తాది? దాని మీద మన పేరుంటాదా?"

"ఉన్నట్టే. కోట్ల ఏండ్లు భూమిలో పడిండే బొగ్గు కాలిస్తే వచ్చే బొగ్గుపులుసు వాయువుకు ఒక గుర్తుంటాది. గాలిలో ఆ గుర్తు ఏటేటా పెరుగుతోంది. ఇదొక్క పెట్టె చెప్తే నేను నమ్మను. సముద్రాలు, మంచు కొండలు, వేల పెట్టెలు, అన్నీ ఒకే దిక్కు చూపిస్తాండాయి. నీ శెనక్కాయ చెట్టుంది చూడు, పగలు సంపాదించింది రాత్రి వెచ్చగా ఉంటే ఊపిరికే ఖర్చు పెట్టేస్తాది. కాయలోకి తక్కువ పోతాది."

లింగమ్మ ఒక మొక్క పీకి వేళ్ళకున్న కాయల్ని చూసింది. "అందుకేనేమో, తొక్క ఇంతుంటే పప్పు ఇంత," అని వేలు చూపించింది.

ఇదంతా జరుగుతున్నప్పుడు షమీనా వచ్చిన జీపు చేను అంచున ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. డ్రైవరు లోపల చల్లగాలి పెట్టుకుని నిద్రపోతున్నాడు. దుప్పటి మాట చెప్పి ముగించాక ఆ చప్పుడు ఆమెకే వినిపించినట్టుంది. తనే నడిచి వెళ్ళి ఆపించి వచ్చింది. ఆమె మీద నాకు గౌరవం కలిగింది అక్కడే.

ఎర్ర గుర్తు కొట్టేసింది. గుమ్మళ్ళగుంట పేరు జాబితాలో ఉండిపోయింది, డిగ్రీన్నరతో కాదు, పాయింటు ఏడుతో. పెద్దదైన అంకెను వదులుకుని చిన్నదైన నిజాన్ని ఉంచుకోవడానికి ఆ రోజు ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పదవీ విరమణ రోజు శాలువా కప్పారు, పూలదండ వేశారు. సభ ఉదయం ఎనిమిదిన్నరకు పెట్టారు. ఆయన పావుగంట ఆలస్యంగా వెళ్ళాడు. ఎందుకో మీకు తెలుసు.

ఇప్పుడు నేను కేంద్రం హాల్లో అద్దాల పెట్టెలో ఉన్నాను. కింద 'పాదరస ఉష్ణమాపకం' అని రాశారు. నాలో పాదరసం చుక్క లేదు. పైగా చూడ్డానికి బాగుంటుందని నిలువునా నిలబెట్టారు. పడుకుని పనిచేసేవాణ్ణి నిలబెడితే పుల్ల జారి అడుక్కు పడదా? అందువల్ల నేను ఇప్పుడు వేసవిలో కూడా మైనస్ నలభై అంటున్నాను. పిల్లలు నమ్మి రాసుకుని పోతున్నారు. పక్కన 1991 రిజిస్టరు తెరిచి ఉంది, ఎర్ర సిరా పేజీతో. అది షమీనా పట్టుబట్టి పెట్టించింది. గోడ మీద కేంద్రంలో పనిచేసిన అధికారుల పేర్లన్నీ రాతిలో చెక్కి ఉన్నాయి. పరిశీలకుల పేర్లు చెక్కే పద్ధతి లేదట.

పోయిన నెల ఆయన నన్ను చూడ్డానికి వచ్చాడు. జుట్టంతా నెరిసింది. అద్దం ముందుకు వచ్చి, వంగి, కన్ను నా గీతకు సమంగా పెట్టాడు. మా మధ్య అద్దం ఉందన్న సంగతి మరిచిపోయి ఊపిరి బిగబట్టాడు. తర్వాత అటెండరును పిలిచి, "దీన్ని పండబెట్టండప్పా," అన్నాడు. "నిలబెడితేనే సార్ అందరికీ కనపడేది," అన్నాడు అతను. ఆయన తలూపి వెళ్ళిపోయాడు.

మీరు ఎప్పుడైనా ఆ హాల్లోకి వస్తే నా అంకె నమ్మకండి. పక్కనున్న రిజిస్టరు చూడండి. ఎర్ర సిరాతో నాలుగుసార్లు 'చూడలేదు' అని ఉంటుంది. దాని ముందు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, అది రాసిన మనిషిని తలుచుకోండి. ఆయన పేరు చెన్నకేశవులు. రాతి మీద లేదు గనుక, మీరే గుర్తుపెట్టుకోవాలి.